మూడొందల ఎనభై రూపాయల సీసా

అల్లూరు రోడ్డు బంకులో
పైపు పట్టుకున్న కుర్రాడు
రెండో చేత్తో ఒక సీసా ఊపి చూపించాడు.
దగ్గుమందు సీసా అంత. లోపల తేనెరంగు.
"ట్యాంకులో పొయ్యన్నా,
ఇంజన్ కడుపంతా కడిగేస్తది.
లీటరుకి రెండు కిలోమీటర్లు ఎక్కువొస్తది."
మూడొందల ఎనభై.
ఆ ఊపు, ఆ అన్నా, ఆ రెండు అనడంలో ధీమా
ఎక్కడో బాగా తెలిసినట్టుండి
కాదనలేకపోయాను.
రెండు తీసుకున్నాను.

నాకు లెక్క రాసే జబ్బుంది.
ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లు
బిల్లుబుక్కు వెనకట్ట మీద పెన్సిలుతో.
సీసాకి ముందు: పద్నాలుగు, పదమూడున్నర, మళ్లీ పద్నాలుగు.
సీసా పోశాక: పద్నాలుగు పాయింట్ ఆరు.

ఆ రాత్రి మా ఆవిడకి చెప్పాను,
గేరు వెన్నలా పడుతోందని.
సీసాకి గేరుతో పనేమిటని అప్పుడు తోచలేదు.
డబ్బు పెట్టినవాడి చెవికి
ఇంజన్ ఎప్పుడూ శ్రుతిలోనే ఉంటుంది.

తర్వాత పుస్తకం తిరగేస్తే
ఆ వారమే రెండుసార్లు ఒంగోలు పోయొచ్చాను,
హైవే మీద, ఐదో గేరులో, ఒక్కడినే.
మిగతా వారాలన్నీ
విడవలూరు, రామతీర్థం, ఊటుకూరు గుంటల గట్లు,
రెండో గేరు, దుమ్ము, డిక్కీ నిండా సరుకు.
ఎవరి ఖాతాలో రాయాలి ఆ అరకిలోమీటరు?
సీసాకా? నాలుగు వరసల రోడ్డుకా?

పడుగుపాడు గేటు కాడ జిలానీ షెడ్డు.
బానెట్టెత్తి, నా మాట వినకుండానే
ఎయిర్ ఫిల్టరు లాగి నేలకేసి కొట్టాడు.
కోతల నాటి వరిధూళి, గట్ల మీది ఉప్పుమట్టి,
ఎండిన తూనీగ రెక్క ఒకటి.
"ముక్కుకి ఇంత గుడ్డ కట్టి
పరిగెత్తమంటే ఎట్టన్నా?"

సీసా సంగతి అడిగాను.
నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.
"అబద్ధం గాదు. కడుగుద్ది.
మూడేళ్లు మూలనబడి
ఇంజెక్టరు మూతి పూడిపోయి
దగ్గతా వచ్చే బండి ఉంటది చూడు,
దానికి నేనే పోస్తా.
ఒకటి లేస్తది. ఒకటి లేవదు, ఇప్పి కడగాల్సిందే.
నీది రోజూ డెబ్బై కిలోమీటర్లు తిరిగే బండి.
లేని జబ్బుకి మందు పోస్తే
ఏం నయం కావాల?"

ప్లగ్గు గుడ్డతో తుడుస్తా,
నా వైపు చూడకుండానే అన్నాడు:
"అవునన్నా, మీ సీసాలు పన్జేస్తయ్యా?"

నా డిక్కీలో నలభై ఉండాయి.
లేబుల్ మీద మీసాలు మెలేసిన రొయ్య.
గుంట గుంటకీ తిరిగి, ఇట్టాగే ఊపి చెప్తాను,
"అడుగు బురదంతా తినేస్తదక్కా,
గుంట కడుపు కడిగేస్తది."
కడుపు అనే మాట
బంకు కుర్రాడు నా దగ్గర దొంగిలించలేదు,
నేనూ వాడి దగ్గర దొంగిలించలేదు.
సీసాలన్నిటికీ అదొక్కటే భాష.

ఊటుకూరులో చెంగమ్మ
కౌలుకి తీసుకున్న రెండెకరాల గుంట.
పోయిన పంటకి ఆరు సీసాలు పోసింది.
నలభై కౌంటు పట్టింది.
"నీ మందు దేవుడయ్యా" అంది గట్టు మీద నిలబడి.
ఆ నెలలోనే ఆమె మేత తగ్గించింది,
కొత్త ఏరేటరు పెట్టించింది,
రాత్రి రెండింటికి లేచి
టార్చిలైటుతో ట్రే ఎత్తి చూసుకునేది.
అదంతా నాకు తెలుసు.
ఆ రోజు మాట్లాడకుండా
బిల్లు రాశాను.

ఫిల్టరు మార్చాక పద్నాలుగున్నర.
ఈసారి ఒంగోలు పోలేదు.
అయినా వాన పడి దుమ్మణిగిన వారం అది,
దాన్నీ పూర్తిగా నమ్మను.

నిన్న చెంగమ్మ మళ్లీ ఆరు అడిగింది.
నెలాఖరు. టార్గెట్‌కి ఇంకా పద్దెనిమిది తక్కువ.
"ముందు అడుగున చెయ్యి పెట్టి చూడక్కా,
బురద నల్లగా వాసనొస్తే అప్పుడు పోద్దాం" అన్నాను.
ఆమె నన్ను అదోలా చూసింది,
కంపెనీ మారానేమో అన్నట్టు.
రెండే ఇచ్చాను. మూడోది ఆమే తీసుకుంది.

బంకులో కొన్న రెండో సీసా
డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది.
పొయ్యలేదు. పారెయ్యలేదు.
గట్టు మలుపు తిరిగినప్పుడల్లా
అటు దొర్లి, ఇటు దొర్లి
చిన్నగా టక్కుమంటుంది.
వెనక డిక్కీలోంచి
నావి బదులిస్తాయి.