వట్టి వేరు

"గడ్డితోనా?" అని నవ్వాడు
పైపులైను కాపలా కుర్రాడు.
నిజమే. పడవ దిగేసరికి నా దగ్గరున్నది
తడిగోనెలో చుట్టిన నాలుగు వందల పిలకలు,
ఇరవై గాజుసీసాలు, రాసుకోను ఒక పెన్సిలు.
వట్టి వేరు. అంతకు మించి ఏమీ లేదు.

నైజర్ పాయ ఒడ్డున బారిలే చేను.
పదకొండేళ్ళ కిందట ఒక రాత్రి గొట్టం పగిలి
కర్రపెండలం నిలువునా నల్లబడిందట.
ఇప్పుడా నేల మాడిన మూకుడు అడుగు.
పార దించితే జిడ్డు.
ఎవరో ఆర్పేసి మరిచిపోయిన
లాంతరు వాసన.

ఆమె ఏమీ అనలేదు. నడుముగుడ్డ బిగించి
జానెడుకొకటి నాటుకుంటూ పోయింది.
పొద్దు వాలాక అడిగింది:
"ఇది చమురు తాగి బతుకుతుందా?"

తాగదు, అన్నాను.
వేరు కొసన రవ్వంత తీపి వదులుతుంది.
ఆ తీపికి కంటికానని జీవులు చేరతాయి,
కాపురాలు పెడతాయి, పిల్లల్ని కంటాయి,
తీపి చాలనప్పుడు
పక్కనున్న నలుపును నమలడం మొదలెడతాయి.
గడ్డి చేసేదల్లా వాటికి చోటిచ్చి వడ్డించడమే.

"వంటమనిషన్నమాట" అంది బారిలే.
కాసేపాగి, మట్టిచేతులు గడ్డికే తుడుచుకుంటూ,
"నేనూ వండాను తొమ్మిదేళ్ళు, కంపెనీ క్యాంపులో,
ఈ గొట్టం వేసినవాళ్ళకి."

కోసిన గడ్డి మేకలకు వెయ్యొద్దన్నాను.
డబ్బాలు కట్టిన తాడు చుట్టూ బిగించింది.
అయినా ఆడబిడ్డ మేక దూరింది ఒక మధ్యాహ్నం.
ఆ రెండిళ్ళకీ
వానాకాలమంతా మాటల్లేవు.

మొదటి ఏడు సీసాల్లో అంకె కదల్లేదు.
రెండో ఏడు మూడు వరసల్లో సగానికి దిగింది,
కొసన మళ్ళీ ఎగబాకింది.
పైన ఎక్కడో ఇంకో అతుకు కారుతోందట.
ఆ కాగితం ఆమెకి చదివి వినిపించడానికి
నాకు గొంతు రాలేదు.
తనే లాక్కుని, తలకిందులుగా పట్టుకుని చూసి,
"కొసన ఇంకో వంద కావాలి" అంది.

వేరు ఎంత దిగిందో చూద్దామని
ఒక దుబ్బు పక్కన తవ్వాం.
నా నడుము దాటింది, భుజం దాటింది,
గుంటలో బారిలే తల మాత్రమే కనిపించేవేళకి
కొస ఇంకా అందలేదు.
పైకొచ్చి వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.
ఏం వాసనో చెప్పలేదు.

ఈసారి వెళ్ళినప్పుడు వాన కురిసి వెలిసింది.
ఆమె మనవరాలు, అయిదేళ్ళది,
మూడో వరస పక్క గుంటలో చేయి పెట్టి కెలికి
ఏడుపు లంకించుకుంది.
పుట్టిన దగ్గర్నుంచీ ఏ గుంట చూసినా
ఎరుపూ నీలమూ పసుపూ తేలుతుండేవి.
నీళ్ళంటే అంతేననుకుంది.

"ఇంద్రధనుస్సు ఎవరు తీసుకెళ్ళారు?"

బారిలే పారకి ఆనుకుని నిలబడింది.
కర్రపెండలం ఎప్పుడు వెయ్యొచ్చో
నా సీసాలు ఇంకా చెప్పలేదు.
పక్కగుంటలో రంగులు ఇంకా ఉన్నాయి.
పిల్లకి అటు చూపించకుండా
భుజానికెత్తుకుని, తడిసిన గడ్డిలోంచి
ఇంటివైపు నడిచింది.