ఎవరి రాయి వాళ్లకు

కొండాపూర్‌ల ఓ బిల్డింగు, మూడో అంతస్తు.
చెప్పులు బయట ఇడిసి
బల్ల కింది గుంతలకు కాళ్లు దించి కూసున్నం
నేను, నౌషీన్.

మనిషికో రాయి తెచ్చి పెట్టింది రింపుయీ,
ఐజ్వాల్ పిల్ల, ఛాతీ మీద పేరు బిళ్ల.
అరచెయ్యంత నల్లరాయి,
దాని కింద ఉండీ లేనట్టు నీలి మంట.
"ఒక్కో పక్క ముప్పై లెక్కపెట్టండి అక్కా,
ఎక్కువైతే గట్టిపడుతుంది."
కొత్తగా నేర్చిన తెలుగు,
ఒక్కో మాట ఆచితూచి పెడుతది, గిన్నెలు పెట్టినట్టే.

మెనూల దాని పేరు గ్యూకాట్సు.
రెండుసార్లు పలికి నవ్వింది నౌషీన్.
వాళ్ల అబ్బా కొట్టుమీద అది బడే కా.
మా ఇంట్ల పెద్దకూర,
అదీ తలుపు దగ్గరికేసినంకనే.
హన్మకొండ హాస్టల్ల దానికి అసలు పేరే లేదు.
"అది తెచ్చినవా?"
"తెచ్చిన. లైట్ బంద్ చెయ్యి."

పైన కరకర పొట్టు, లోపట
దానిమ్మ పగలగొట్టినంత ఎరుపు.
ఇంత పైసలు పెట్టి
సగం ఉడికింది తెచ్చుకొని మనమే కాల్చుకోవాల్నా అని నేను.
నౌషీన్ ఇనలేదు. పుల్లలతోని ముక్కను తిరగేసి
నరం ఎటు పోయిందో చూస్తుంది.
"అబ్బా అయితే అడ్డం కోసెటోడు.
వీళ్లు నిలువు కోసిన్రు."
ఖురేషీల బిడ్డ, లెక్కల ఆఫీసరు,
బిల్లు కంటె ముందు కోత చూస్తది.

మొదటి ముక్క రాయి మీద పెట్టిన.
సుయ్ మన్నది.
ఒకటి, రెండు, మూడు...
పదిహేడుకాడ తప్పిపోయిన.

డాబా మీద దండేనికి తునకలు,
కింద కట్టె పట్టుకొని నేను,
పదిహేడో ఎక్కం బట్టీ కొడుతూ కాకుల్ని కొడుతూ.
కాకి ఒక్కటి ఎత్కపోయినా
మా నర్సవ్వకు ఎట్ల తెలుస్తుండెనో!
రాత్రి తలకు మూడు పంచేది,
నా మూడుల ఒకటి తగ్గేది.

"ఈ రాళ్లు జపాన్‌వేనా?"
రింపుయీ నవ్వింది.
"అవి వచ్చేదారిలోనే పగిలాయి అక్కా.
ఇవి శంషాబాద్‌లో చెక్కించారు."
అయితే ఈ ఊరి గుట్టనే.
ఏ రోడ్డు కోసం పేల్చినదో, ఏ టవర్ కోసమో,
మిగిలిన పెచ్చు ఇట్ల మా ముందుకొచ్చింది.
నౌషీన్ అంది: "బక్రీదుకు మా ఛత్ మీద ఇసొంటిదే,
గడపంత బండ, ఒక్కటే.
చుట్టూ కూసుంటం.
ఎవరి ముక్క ఎవరు తిన్నరో ఖుదాకే తెలుసు."

పక్క బల్ల ఆయన చికెన్ చెప్పిండు.
నూనె వేరే కదా అని మెల్లగ అడిగిండు.
వేరే అన్నది రింపుయీ.
ఆయన మా రాళ్ల దిక్కు ఒకసారి చూసి
ఫోన్ల మొఖం పెట్టుకుండు. అంతే.
ఏం అనలేదు పాపం.

కాని నా ఎడమ చెయ్యి
నన్ను అడగకుండనే లేచి
ప్లేటుకు మూతయింది.

ఇరవై ఆరేండ్ల చెయ్యి కాదది,
ఆరో తరగతి చెయ్యి.
ఈ ప్లేటుకు మూతే లేదని దానికెవరు చెప్పాలె?

నౌషీన్ చూసింది. చూడనట్టు
తన ముక్క ఒకటి తీసి నా రాయి మీదేసింది.
ఆమె రాయి మీద నాదొకటి.
మాటల్ల పడ్డం.
వాళ్ల అబ్బా మోకాళ్లు, మా ఆఫీసుల కొత్త మేనేజరు,
మెట్రోల పోయిన గొడుగు.
ముప్పై ఎవ్వరం లెక్కపెట్టలే.

రెండూ మాడి గట్టిపడ్డయి.
నమిలినం, నమిలినం.
"తునక లెక్కనే ఉంది" అన్న.
"అంటే?" అంది.
చెప్పుడు మొదలువెట్టిన, తలుపు దగ్గరికెయ్యకుండ,
కాకులకాడి నుంచి.

బిల్లు తెచ్చి, మంట ఊది,
రాళ్ల దిక్కు చేతులు అడ్డం ఊపింది రింపుయీ:
"ఇంకా వేడి ఉంది అక్కా,
ముట్టుకోకండి."

ముట్టుకోకండి అన్న మాటకు
నాకు నవ్వొచ్చుడు ఇదే మొదలు.