సంబంధం అన్నచోట

లింగిచెట్టి వీధిలో రెండో అంతస్తు,
మెట్ల మీద ఎప్పుడూ తడిసిన అట్టల వాసన.
ముప్పై ఏళ్లుగా ఇక్కడ కూర్చుని
ఊళ్లోవాళ్ల చావులు ముందుగా టైపు చేస్తున్నాను,
పేజీకి ఇంతని.

మదాం అప్పాడు వచ్చిన రోజు కరెంటు లేదు.
మారిషస్ మనిషి. గుడ్డల వ్యాపారం.
ముత్తాత కోరంగి రేవులో ఓడెక్కుతూ
వెంట తీసుకెళ్లిన తెలుగు
ఆమె నోట్లో ఇంకా ఉంది,
ఎండబెట్టిన మామిడి ముక్కలా, కాస్త ఉప్పగా.
"నాకు రెండిళ్లు" అంది.
"పోర్ట్ లూయీలో ఒకటి, రాయపురంలో ఒకటి.
ప్రాణం ఒక్కటే. ఎట్టా పంచేది?"

నా పాత పాఠం అప్పజెప్పాను:
స్థిరాస్తి ఏ నేల మీద నిలబడితే
ఆ నేల చట్టం మాటే వింటుందమ్మా.
చరాస్తి కుక్కపిల్ల లాంటిది,
మనిషి కాపురమున్న చోటికి వెంట నడుస్తుంది.
మీ గాజులు మీతో దీవికి వస్తాయి.
గోడలు రావు.

అక్కడ పిల్లల వాటా
చట్టమే ముందు కోసి పక్కన పెడుతుందట,
పెన్నుని అడగదట.
"కొడుకులిద్దరికీ ఆ ఇల్లు చాలు.
రాయపురం ఇల్లు మాత్రం నా చేత్తో ఇవ్వాలి."

సంచిలోంచి రెండు కాగితాలు తీసింది.
ఒకటి ఆరేళ్ల కిందట నేను కొట్టిందే.
ఓ అక్షరం వరుస తప్పి పైకెగిరే నా మిషన్‌ని
చూడగానే గుర్తుపట్టాను.
రెండోది నిరుడు అక్కడి నోటరీ రాసింది, ఫ్రెంచిలో.
"రెండు దేశాలకీ రెండున్నాయి కదా,
ఒకసారి చూసి సరేననండి, చాలు."

ఫ్రెంచి నాకు రాదు.
కింద పుస్తకాలు బైండు చేసే బెనడిక్టు
పుదుచ్చేరి బడిలో చదివాడు.
జిగురు చేతులు లుంగీకి తుడుచుకుని వచ్చి
వేలు పెట్టి చదువుతూ
నాలుగో పేరా దగ్గర ఆగాడు.

ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ
ఇందుమూలంగా రద్దు.

ఏ నోటరీ అయినా నిద్రలో కూడా రాసే వాక్యం.
సముద్రం దాటి, చప్పుడు చేయకుండా వచ్చి,
రాయపురం ఇంటి తాళం మార్చి పోయింది.
ఏడాదిగా ఎవరికీ తెలీదు.

మదాం కిటికీ వైపు చూసింది.
"ఈలోగా నేను పోయుంటే?"
నేను రిబ్బను సరిచేసుకున్నాను.

మళ్లీ రాశాం.
ఈ కాగితం ఈ దేశంలోని ఆస్తికే,
దీవి కాగితం జోలికి పోదు.
అదీ దీని జోలికి రాకుండా
వెళ్లగానే ఆ నోటరీ చేత ఓ మాట రాయించండని
కవరు మీద పెన్సిలుతో పెద్దగా గీశాను.
వీలు దొరికినప్పుడు అనకండి, వెళ్లగానే.

ఇల్లు ఎవరికి?
అంబుజానికి.
టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి.
సంబంధం అన్నచోట ఏం కొట్టను?

పందొమ్మిదేళ్లు ఒకే వంటగది.
ఒకరి కళ్లజోడు ఇంకొకరు వెతికిపెట్టడం.
అద్దెకున్నావిడ అందామా? అద్దె ఏనాడూ పుచ్చుకోలేదు.
చెల్లెలంటే రేపు కోర్టు రుజువడుగుతుంది.
స్నేహితురాలు?
"అది బళ్లో మాట" అని మూతి విరిచింది.
చాలాసేపటికి, దీవి తెలుగులో,
"మా మనిషి" అంది.

నా ఇంగ్లీషు మిషన్‌లో దానికి మీట లేదు.
చట్టం కోసం స్నేహితురాలనే కొట్టాను.
ఆమె దగ్గరుంచుకునే కార్బన్ కాపీ మీద మాత్రం
ఆ రెండు మాటలూ పెన్నుతో రాసిచ్చాను.

సాక్షులు బెనడిక్టు, ఎదురు గది గుమాస్తా ఏడుకొండలు.
పుచ్చుకునే చెయ్యి సాక్షి చెయ్యి కాకూడదు.
అందుకే అంబుజాన్ని పొద్దున్నే
ఈవినింగ్ బజారుకి పంపేసింది, బొత్తాలకి.

సంతకాలయ్యాక ఎక్కింది ఆవిడ మెట్లు, రొప్పుతూ,
డజను నలభై చెప్పాడని, ముప్పైకి దించానని,
నాలుగు చిల్లులవి దొరకలేదని
అరవంలో సణుగుతూ.
మదాం ఒక్కో బొత్తాన్నీ
కిటికీ వెలుతురుకి పెట్టి చూసింది.
రెండో మోచెయ్యి కవరు మీద ఆనించి,
తియ్యకుండా.