పడినవాడి కోటు

బర్బ్యాంక్‌లో ఒక గిడ్డంగి. కిటికీల్లేవు.
బల్ల మీద తెల్లకాగితం పరిచి
కోటుని బోర్లా పడుకోబెట్టాను.
ప్రెస్కాట్ తలుపు దగ్గరే నిలబడ్డాడు,
ఆపరేషను గది బయట మేనమామలాగా.

"ఆయనదే కదా, ఆరక్సీ?"
ఆగవయ్యా. కోటుకి నోరు లోపలుంటుంది.

మెడ కింద పేరు పట్టీ.
హీరో పేరు, టైపు మిషను అక్షరాలు, సిరా వెలిసి.
పట్టీలని నేను నమ్మను.
కుట్టడానికి పది నిమిషాలు చాలు,
నమ్మడానికి అంత కూడా అక్కర్లేదు.

దీపాలార్పి ఊదా లైటు వేశాను.
కోటు చీకట్లో చీకటిగానే ఉండిపోయింది. మంచిదే.
పట్టీ చుట్టూ మాత్రం
నాలుగు వైపులా దారం నీలంగా మెరిసింది.
అరవై ఏళ్ల కోటుకి
నిన్నటి కుట్టు.

ప్రెస్కాట్ ముఖం చూడలేదు నేను.
అస్తరు విప్పాను.

కాజాలు చేత్తో కుట్టినవి.
ముడి ఎడమకి వాలింది, ప్రతి కాజాకీ.
స్టూడియో కుట్టుగదిలో మూడో బల్ల దగ్గర
ఎడంచేత్తో కుట్టే మనిషి ఒక్కతే.
ఆమె నాకు పాలిచ్చింది.
రిపోర్టులో ఆ సంగతికి గడి లేదు.

చంకల కింద అదనపు ముక్క,
చెయ్యెత్తితే చిరగకుండా.
మోచేతుల్లో, వీపులో దట్టంగా ఉన్ని.
నిలబడి ప్రేమమాటలు చెప్పేవాడికి
ఇంత మెత్త దేనికి?

సినిమా తెప్పించి ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాను.
దగ్గరి షాట్లలో హీరో ఛాతీ మీద
గళ్లు జేబు దగ్గర ఒక్క పోగు తప్పాయి.
నా బల్ల మీది కోటులో తప్పలేదు.

తర్వాత మెట్ల సీను. తుపాకి.
దొర్లుతూ, దొర్లుతూ, పదిహేడో ఫ్రేములో
కుడిభుజం కుట్టు తెగి
తెల్ల అస్తరు నాలుకలా బయటికొచ్చింది.
ఇక్కడా అదే భుజం,
అదే చోట రిపేరు, ఎడమకి వాలిన ముడులు.
ముఖం కెమెరాకి అటువైపు.
అలా పడటమే అతని ఉద్యోగం.

అమ్మ ఒకసారి చెప్పింది, ద్రాక్షాకులు చుడుతూ:
ఓర్విల్ అని ఒకడు కోటు తెచ్చాడని,
విప్పడానికి చెయ్యి లేవలేదని,
కోటుకి కుట్టు వేసి అతనికి కట్టు కట్టానని.
ఆ రోజు కూలి ఇచ్చారట.
మర్నాడు రానివ్వలేదట.

"అసలుదే," అన్నాను.
ప్రెస్కాట్ ఊపిరి వదిలాడు.
"ఆయనది కాదు."
మళ్లీ బిగపట్టాడు.

కేటలాగు రాత్రికి అచ్చుకెళ్లాలి.
లక్ష డాలర్ల వస్తువు
ఒక్క మాటతో రెండు వేలకి దిగింది.
"తెర మీద కనిపించింది, హీరో పాత్ర కోటు
అని రాస్తే? అబద్ధం కాదుగా?"
కాదు. అబద్ధానికి పక్కవాటా.

చిన్న కత్తెరతో పట్టీ ఊడదీసి
కవర్లో వేసి అతని చేతికిచ్చాను.
పట్టీ దాచిన గుడ్డ మీద
మాయని పెన్సిలుతో ఒక అంకె. రెండు.
పేరు లేదు.

ప్రెస్కాట్ చాలాసేపు ఆ అంకెనే చూశాడు.
పెన్ను మూత తీశాడు.
"ఓర్విల్... ఇంటిపేరేంటి?"

అమ్మని అడిగి ఉండాల్సింది.