అరగంట కాపలా

ముందు ఊడ్చాలి.
వెల్డింగంటే సగం ఊడ్పేనని
నాకెవరూ చెప్పలేదు.
రంపపు పొట్టు, ఎండుటాకులు, కుక్క రాల్చిన బొచ్చు,
పిట్టల కోసం కొని పోయిన అక్టోబరులో ఒలకబోసిన గింజలు,
బల్ల కింద మోకాళ్ళ మీద పాకుతూ
చీపురుతో గరాజును గీకాను.

తర్వాత, మంచు తోసే యంత్రం, దాని పెట్రోలు డబ్బా,
రంగులు, టర్పెంటైను,
బ్రేకులు తుడిచే స్ప్రే
(వేడి తగిలితే దాని ఆవిరి విషమని ఓస్టాప్ రెండుసార్లు చెప్పాడు)
అన్నిటినీ బయట మంచులో వరసగా నిలబెట్టాను.
మూస్ జాలో ఆ సాయంత్రం మైనస్ ఇరవై ఏడు.
నా బస్సు తప్పిపోయిన పిల్లల్లా
బిక్కమొహం వేశాయి.

కారు మాత్రం కదలనంది. బ్యాటరీ చచ్చింది.
ముందు అద్దం మీద నిప్పంటని దుప్పటి పరిచి
జ్వరమొచ్చిన మనిషికి కప్పినట్టు
అంచులు లోపలికి దోపాను.
కరిగిన ఇనుము చుక్క పడితే
అద్దానికది స్ఫోటకపు మచ్చ. జన్మకి పోదు.

కిటికీకి అట్ట.
ఎదురింటి కీఫర్ ఆ నీలి వెలుగు కేసి చూస్తే
రాత్రంతా కళ్ళలో ఇసుక పోసినట్టే.
అసలీ పని వాడిదే. వీధి హాకీ గోలు చట్రం,
మూల దగ్గర విరిగింది.
విరగ్గొట్టింది బంతి కాదు,
నా బస్సు వెనక చక్రం.
ఆ ముక్క వాళ్ళమ్మకింకా చెప్పలేదు.

ఓస్టాప్ పిలవకుండానే వచ్చాడు.
ఎనభై ఒకటి. ఒక చేత ఇసుక బకెట్, ఇంకో చేత ఫ్లాస్కు.
నా పాంటు మడతల వైపు
వంగలేక బూటుతో చూపించాడు.
"అందులో దాక్కుంటుంది."
మడతలు విప్పాను.
అతని గరాజు కాలిన సంగతి వీధంతటికీ తెలుసు.
అతని నోట మాత్రం ఎవరూ వినలేదు.

ముసుగు దించాను.
పచ్చటి చీకటి. నడుమ ఒక్క చుక్క.
నేను అతికింది రెండంగుళాలు,
నిప్పు తిరిగొచ్చింది గరాజంతా.
మూత తీసిన పేలాల గిన్నెలా
నేల మీద గెంతి, గోడకు కొట్టుకుని
దొర్లి దొర్లి ఎక్కడికో పోయింది.
నాలుగు నిమిషాల పని.
గ్లవ్స్ తీసేశాను.

ఓస్టాప్ స్టూలు లాక్కుని
చేతి గడియారం విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు.
"అరగంట. లైటు ఆర్పు."
ఇద్దరం చీకట్లో కూర్చుని
ఏమీ లేనిదాన్ని చూస్తూ టీ తాగాం.
అప్పుకీ నిప్పుకీ శేషం ఉంచకూడదంటారు.
అప్పు నాకింకా పదకొండేళ్ళుంది.
నిప్పునైనా తేల్చుకుని లేద్దామనుకున్నాను.

పందొమ్మిదో నిమిషంలో వాసన.
పొగ కాదు. కమిలిన ఉన్ని.
అలమర వెనక, గోడ పలక పగిలిన చోట
ఎలుక గూడు.
గోడలోంచి పీకిన గులాబీ దూది, కుక్క బొచ్చు,
రెండేళ్ళ కింద నేను పోగొట్టుకున్న ఎర్ర చేతి తొడుగు దారాలు.
నేనెంత ఊడ్చానో
అదీ అంతే ఊడ్చి, అంతా ఒకచోట దాచింది.
మధ్యలో ఆవగింజంత ఎరుపు,
ఊపిరి తీస్తూ, వదుల్తూ.

ఓస్టాప్ ఇసుక పోశాడు.
ఒక గుప్పెడు. ఆగి, ఇంకో గుప్పెడు.
గోతిలో మట్టి వేసేవాళ్ళలా నిదానంగా.
"ఆ రోజు నేను సూప్ తాగడానికి లోపలికెళ్ళాను,"
అన్నాడు. "పది నిమిషాలే."

ఎలుక ఎటు పోయిందో మేం చూడలేదు.

అతను గడియారం ముఖం తుడిచి
మళ్ళీ మోకాలి మీద పెట్టుకున్నాడు.
"అరగంట," అన్నాడు, మొదట్నుంచి.
ఫ్లాస్కులో ఒక కప్పు మిగిలింది, పంచుకున్నాం.
చట్రం చల్లారుతూ ఎక్కడో టిక్కుమంది.
అతుకు వంకర. గట్టిదే.
బయట పెట్రోలు డబ్బా మీద
కొత్త మంచు పడుతోంది.