పద్నాలుగో గడి

అయిదేళ్లకోసారి వస్తుంది ఈ కాగితం,
ఇరవై రెండు పేజీలు, మూడు ప్రతులు.
ఉద్యోగం ఎక్కడికీ పోదని అందరికీ తెలుసు,
అయినా పెన్ను పట్టుకుంటే
చేరిన రోజు పట్టిన చెమటే.

పేరు: సువ్వారి దాలినాయుడు.
శాఖ: జంతుశాస్త్రం.
సర్వీసు: పందొమ్మిదేళ్ల నాలుగు నెలలు.
సెమినార్లు ఎన్ని, పత్రాలు ఎన్ని,
రిఫ్రెషర్ కోర్సుల్లో ఎన్నాళ్లు కునికాను,
ఈ ఆఖరిది ఫారంలో లేదు, నేనే కలిపాను.
పిల్లల దగ్గర అర మార్కుకి గీచి గీచి బేరమాడేవాణ్ణి
నాకు నేను రెండు ఎక్కువేసుకుని
సెక్షన్ పైడిరాజు ముఖం చూడకుండా ఇచ్చేశాను.

ఈసారి ఓ కొత్త నిబంధన,
తోటివాళ్లెవరో వచ్చి క్లాసులో కూర్చోవాలి.
వృక్షశాస్త్రం నూకరత్నం గారొచ్చారు,
చివరి బెంచీలో, గొడుగు ఒళ్లో పెట్టుకుని.
ఆ రోజు పాఠం మృదులాస్థి చేపలు.
నా నోట్సు
హుద్‌హుద్‌లో తడిసి, డాబా మీద ఆరి
అప్పడంలా వంకర తిరిగిన నోట్సు.
జోకు వెయ్యాల్సిన చోట ఎర్రచుక్క ఉంటుంది.
చుక్క దగ్గర వేశాను.
పిల్లలు నవ్వారు,
మర్యాదగా,
వాళ్ల సీనియర్లు నవ్విన చోటే.

రిపోర్టు ఒక్క పేజీ.
గొంతు బాగుంది. బోర్డు మీద బొమ్మ బాగుంది.
విషయం మీద పట్టుంది.
ఛాతీ ఓ అంగుళం పెరిగాక
కింద సన్నటి అక్షరాలు:
గంటలో పదిహేడు ప్రశ్నలడిగారు.
పదిహేడింటికీ జవాబు ఆయనే చెప్పారు.
నేను మూడు లెక్కపెట్టేలోపే.

ఆ సాయంత్రం మద్దిలపాలెంలో బస్సెక్కి
ఆవిణ్ణి చాలా తిట్టుకున్నాను.
మొక్కల మనిషి, ఆవిడకేం,
వేరు దిగేదాకా కూర్చోగలదు.
సిలబస్ ఎవడు పూర్తి చేస్తాడు?
ఇసుకతోట దాటాక పక్కసీటు ముసలాయన
టైమెంతయింది బాబూ అన్నాడు.
అడిగి ఊరుకున్నాడు,
నేను చొక్కా చెయ్యి పైకి లాగి
వాచీ చూసేదాకా.
అంతే. అంత చిన్న పని.

మర్నాడు సుద్దముక్క బల్ల మీద పెట్టేసి అడిగాను:
సొరచేప ఎందుకలా ఆగకుండా ఈదుతుంది?
ఒకటి. రెండు. మూడు.
నాలుక కొసకి వచ్చేసింది జవాబు,
పళ్ల వెనక పట్టి ఆపాను.
అయిదు. ఫ్యాను చప్పుడు.
ఆరు. కిటికీలోంచి ఉప్పుగాలి,
హార్బర్ వైపు ఏదో ఓడ కూత.
ఏడు. ఎనిమిది.
ఎనిమిది ఇంత పొడుగని ఎప్పుడూ తెలీదు.
సారుకి ఏమైందని
ముందు బెంచీ ఆడపిల్లలు మొహాలు చూసుకున్నారు.
పదకొండు దగ్గర
మైలపల్లి ఎల్లాజీ,
మూడేళ్లలో హాజరుకి తప్ప నోరు విప్పనివాడు,
లేవకుండానే అన్నాడు:
"దాని కడుపులో బుడగ నేదు సార్.
ఆగిందంటే ములిగిపోతాది.
మా అయ్య సెప్పేవోడు."

నా నోట్సులో దాని పేరు వాయుకోశం.
బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను,
బొమ్మ వెయ్యడానికి కాదు.
ఎవరి గురించి చెప్పాడో వాడికి తెలీదు.

ఫారానికి ఇవాళ ఆఖరు రోజు.
ఖాళీ వదిలేశానని వెనక్కి పంపారు,
పద్నాలుగో గడి:
ఈ అయిదేళ్లలో వృత్తిపరంగా సాధించిన వికాసం.
చోటు చాలకపోతే అదనపు కాగితం జతచేయవచ్చు.
రాశాను: మూడు నుంచి పదకొండు.

పైడిరాజు కళ్లజోడు పైకి నెట్టి
రెండుసార్లు చదివాడు.
"ఏటండీ ఇది? రోజులా, పేపర్లా?
సర్టిఫికెట్ జిరాక్సు నేకపోతే
ఈ గడికి సున్నా పడిపోతాది సార్."

వేసెయ్యమన్నాను.
వెనక వరసలో నూకరత్నం గారు
తన మూడు ప్రతులూ చంకన పెట్టుకుని
గొడుగు దులుపుతున్నారు.
వచ్చే బుధవారం ఆవిడ క్లాసులో
చివరి బెంచీ నాదట.