బాత్రూం వైపు బారు

గుణుపురంలో వాన పట్టిన మూడో రోజుకే
వంటింట్లోకి దిగింది బారు.
చిట్టి ఎర్ర చీమలు,
కుట్టి, ఏమీ ఎరగనట్టు పోయే రకం.

బెల్లం డబ్బాని నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టాను.
పంచదారలో లవంగాలు వేశాను.
పసుపు గీత గీస్తే దాటేశాయి.
సుద్ద గీత గీస్తే చుట్టూ తిరిగొచ్చాయి,
బస్టాండు దగ్గర పోలీసుని తప్పించుకునే ఆటోల్లా.

ఉమ్మడి గోడకి అవతల సుభాషిణి మావుసి.
మార్గశిర గురువారాల్లో ఆవిడ పిండితో వేసిన లక్ష్మి పాదాల్ని
ఇవే నాకేస్తాయి, అప్పుడు కోపం రాదు.
ఇప్పుడు మాత్రం "పింపుడి లాగిచి!" అని గోడ మీంచి కేక.
మీ వైపు నించే అంటాను నేను.
కరెంటు పైపు పక్క కన్నానికి
ఇటు నేను సిమెంటు పెట్టాను, అటు ఆవిడ సబ్బుముక్క కూరింది.
ఒకే చీమకి రెండు భాషల్లో శాపనార్థాలు.

రాత్రి గిన్నెలు రాత్రే తోమేస్తున్నాను.
గట్టు మీద మెతుకు లేదు.
అయినా బారు.

ఓ తెల్లవారుజామున టార్చి పట్టుకుని
మోకాళ్ళ మీద దాని వెంట పాకాను.
బియ్యం బస్తా దాటింది.
దేవుడి గూట్లో పటికబెల్లం ఉంది, తల తిప్పలేదు.
నడవా అంతా నడిచి
బాత్రూంలోకి పోయింది.

ఇదేటి?
అక్కడ బక్కెట్టు, బట్టల సబ్బు, తూము.
తూము పక్క మూలలో
గుంపుగా, కదలకుండా, పెళ్ళి పంక్తిలో కూచున్నట్టు.

నవ్వొచ్చింది ముందు.
తర్వాత లెక్క గుర్తొచ్చింది:
దాలినాయుడు రాత్రికి నాలుగుసార్లు లేస్తున్నాడు.
మంచం పక్క చెంబు తెల్లారేసరికి ఖాళీ.
మిల్లులో మేకుతో
బెల్టుకి తనే ఇంకో కన్నం పొడుచుకున్నాడు.
పర్లాకిమిడిలో మా మేనత్తకీ
ఇలాగే మొదలై
బొటనవేలు తీసేశారు.

"చీమల మాట ఇని ఆస్పత్రికేటే!" అన్నాడు.
కాయితం మీద అంకె చూశాక
దారంతా మాటాడలేదు.
నేనూ మాటాడలేదు. స్కూటరు వెనక
ఆయన చొక్కా వదులుగా ఎగురుతోంది.

బెల్లం డబ్బా మావుసికి ఇచ్చేశాను.
మర్నాడే బారు అటు తిరిగింది, కేకలు మొదలయ్యాయి.
మిగిలిన సుద్దముక్క గోడ మీంచి అందించాను,
పని చెయ్యదని చెప్పకుండా.

ఇప్పుడు టీ పెట్టక ముందే
తూము మూల చూసొస్తాను.
మాత్రలు వేసుకున్న వారానికి పల్చబడ్డాయి,
తర్వాత లేవు.

బాహుడా రథం మర్నాడు మళ్ళీ నాలుగు కనిపించాయి.
చీపురు తియ్యలేదు.
"నిన్న రథం దగ్గర ఖాజాలు ఎన్ని తిన్నావు?" అన్నాను.

దాలినాయుడు మూతి తుడుచుకుని
తూము వైపు
చాడీకోరుని చూసినట్టు చూశాడు.